మూడు గీతలు, ఒక ఖాళీ గడి: పర్లాకిమిడి కోర్టులో సెంటర్ల లెక్క

2025 జూన్ 8, ఆదివారం

పొద్దున బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు అయ్యాక కోర్టు గట్టు మీద కూర్చున్నప్పుడు మొదలైన వాదన ఇది. మా మేనల్లుడు ఫోనులో నికోలా యోకిచ్ ఈ సీజను లెక్కలు చూపించాడు. ఆటకు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (పడని షాటు బంతిని అందుకోవడం), 10.2 అసిస్టులు (తోటివాడు బుట్ట వేసేలా ఇచ్చిన పాసు). అమెరికా లీగు ఎన్‌బీఏలో ఒక సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగు మనిషి, సీజను పొడుగునా మూడింట్లోనూ సగటు పదికి పైన నిలపడం ఇదే మొదటిసారి. జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే 2014 డ్రాఫ్టులో 41వ పేరుగా పిలిచిన కుర్రాడు!

"ఇంతకన్నా గొప్ప సెంటర్ ఎవడున్నాడు మావయ్యా?" అన్నాడు.

మా అందరికీ ఆట నేర్పిన మాస్టారు పక్కనే బూట్ల తాళ్లు విప్పుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: "1961-62లో విల్ట్ చాంబర్లేన్ సగటు ఏటో చూడు నాయనా. 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. చూసి అప్పుడు మాట్లాడు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పదిహేనేళ్లు నేనూ సెంటర్‌గానే ఆడాను. రింగు కింద నిలబడి వీపుతో మనిషిని ఆపుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. కానీ అరవై ఏళ్ల దూరంలో ఉన్న ఇద్దర్ని ఒక త్రాసులో ఎలా వెయ్యాలో తెలీదు. నోటితో తేలే పని కాదు, కూర్చుని లెక్క వేద్దాం, కాగితం మీదా కోర్టు మీదా కూడా చేద్దాం అన్నాను. రథయాత్ర దాటేలోగా పూర్తి చెయ్యాలని గడువు పెట్టుకున్నాం.

నాకు దీంట్లో ఇంకో పట్టింపు ఉంది. మా అమ్మాయిల జట్టులో పదహారేళ్ల సెంటర్ ఉంది. పోయిన నెల ఒకచోట ఎంపికలకు వెళ్తే, స్కోరు షీటు తిరగేసి, "ఆటకి నాలుగైదు పాయింట్లే కదా" అని పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయి లేకుండా మేం ఆ ఆటలు గెలిచేవాళ్లం కాదు. ఈ మాట ఎవరికైనా చూపించి చెప్పగలిగేలా ఒక పద్ధతి కావాలి నాకు.

జూన్ 11, బుధవారం

ఏడుగురిని ఎంచుకున్నాం: జార్జ్ మైకన్, బిల్ రసెల్, చాంబర్లేన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్, హకీమ్ ఒలాజువాన్, షకీల్ ఓనీల్, యోకిచ్. షాపు కట్టేశాక మేనల్లుడి లాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

మొదటి గంటలోనే ఒక తప్పు చేశాను. చాంబర్లేన్ ఆడిన నిమిషాల గడిలో 48.5 అని కనబడింది. ఆట మొత్తమే 48 నిమిషాలు కదా, అచ్చు తప్పనుకుని 38.5 అని దిద్దేశాను. లెక్కలు ఎక్కడా కుదరలేదు. సగటు పక్కన పెట్టి మొత్తం చూస్తే సంగతి తెలిసింది. ఆ సీజను 80 ఆటల్లో ఆయన ఆడినవి 3,882 నిమిషాలు. ఎక్స్‌ట్రా టైముతో కలిపి ఆ జట్టు ఆడినవే 3,890. అంటే ఏడాది మొత్తంలో ఆయన బయట కూర్చున్నది ఎనిమిది నిమిషాలు. ఆ గడిని దిద్దుతూ కాసేపు చెయ్యి ఆగిపోయింది.

ఇక వేగం. ఒక జట్టు చేతికి బంతి వచ్చి పోవడాన్ని మేం 'వంతు' అని పేరు పెట్టుకున్నాం. 1961-62లో ఆటకు ఒక్కో జట్టుకు దాదాపు 126 వంతులని అంచనా. ఇప్పుడు 99 దగ్గర. అంచనా అనడం ఎందుకంటే బంతి పోగొట్టుకున్న లెక్క రాయడం 1970ల్లోగానీ మొదలు కాలేదు. అప్పట్లో పరుగు ఎక్కువ, గురి తక్కువ. ఒక్కో జట్టు ఆటకు 107 పైచిలుకు షాట్లు వేసేది, నూటికి 43 కూడా పడేవి కావు. ఇప్పుడు 89 షాట్లు, నూటికి దాదాపు 47 పడుతున్నాయి. పడని షాటేగా రీబౌండ్. అందుకే అప్పుడు జట్టుకు ఆటకు 71 రీబౌండ్లు, ఇప్పుడు 44.

చాంబర్లేన్ 50.4ని 99తో గుణించి 126తో భాగిస్తే 39.6 వచ్చింది. దాన్ని యోకిచ్ ఆడిన 36.7 నిమిషాలకు కుదిస్తే దాదాపు 30. యోకిచ్‌ది 29.6. రీబౌండ్లను 71కి 44 లెక్కన తగ్గించి, నిమిషాలకు కూడా కుదిస్తే 12, యోకిచ్‌వి 12.7.

మేనల్లుడు బల్ల మీద చరిచాడు. "చూశారా! ఇద్దరూ ఒకటే. దానికి తోడు యోకిచ్‌కి పది అసిస్టులు."

మాస్టారికి ఫోను చేసి చెప్పాను. ఆయన చప్పుడు చెయ్యకుండా విని ఒకే ప్రశ్న వేశారు: "నిమిషాలు కుదించేశావు సరే, ఆ మిగతా పన్నెండు నిమిషాలూ ఆడిందెవరు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. వేగాన్ని సరిచెయ్యడం ఒప్పే, ఎందుకంటే వేగం ఆ కాలానిది. నిమిషాలు మాత్రం ఆ మనిషివి. రోజూ ఊపిరి ఆడనంతగా పరుగెత్తి కూడా దిగిపోకుండా నిలబడటం ఆయన విలువలో ఒక భాగం, దాన్ని భాగహారంతో కొట్టెయ్యకూడదు. కాబట్టి ఇకనుంచి రెండు వరసలు: వేగం సరిచేసినది ఒకటి, నిమిషాలు కూడా సరిచేసినది ఇంకొకటి.

షాటు గురి కూడా ఇవాళే చూశాం. ఫౌలుకి దక్కే ఫ్రీ త్రోలను 0.44తో గుణించి షాట్లకు కలిపి, దాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దానితో భాగించడం. ఆ వచ్చినదాన్ని ఆ ఏడాది అందరి సగటుతో పోల్చాం. నూటికి చాంబర్లేన్ 53.6, ఆనాటి సగటు 47.9. 1999-2000 ఓనీల్ 57.8, సగటు 52.3. ఈ సీజను యోకిచ్ 66.3, సగటు 57.6. వీళ్లందరికన్నా తన కాలం మీద పైకి లేచినవాడు 1971-72 కరీమ్: ఆటకు 34.8 పాయింట్లు కొడుతూ 60.3, అప్పటి సగటు 50.4. దాదాపు పది పైన. మూడు పాయింట్ల గీత లేని రోజుల్లో అది. మైకు పట్టుకుని వీధిలో చెప్పాలనిపించింది నాకు.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు కోసమే ఎదురుచూశాను. ఐదింటికే ముగ్గుపిండి డబ్బా, టేపు, కొబ్బరి తాడు పట్టుకుని కోర్టుకి వెళ్లాం.

మా కోర్టు మీద ఇప్పటికీ పాత త్రీ సెకండ్స్ ఏరియా (బంతి ఉన్న జట్టువాడు మూడు సెకన్లకు మించి నిలవకూడని రింగు ముందు చోటు) రంగు మిగిలి ఉంది, కింద వెడల్పుగా పైన సన్నగా ఉండే నాలుగు పలకల గీత. అంతర్జాతీయ ఆటలో 2010 దాకా అదే ఉండేది, ఆ తర్వాతే దీర్ఘచతురస్రంగా మారింది. ఎన్‌బీఏది ఎప్పుడూ నిలువు గీతలే, కానీ వాటి మధ్య దూరం మారుతూ వచ్చింది. 1951 దాకా ఆరడుగులు. అక్కణ్ణుంచి 1964 దాకా పన్నెండు. ఆ తర్వాత పదహారు. మొదటిసారి జరిపింది మైకన్ వల్ల, రెండోసారి జరిపింది చాంబర్లేన్ వల్ల. మనుషులు ఆపలేక గీతలు జరిపారు.

మూడు జతలూ పక్కపక్కన గీశాం. ఆరడుగుల జత గీసి తలెత్తి చూస్తే ఒళ్లు జలదరించింది. బోర్డు వెడల్పు కూడా ఆరడుగులే. అంటే గీత అవతల నిలబడ్డ మైకన్ తల మీద బోర్డు అంచు ఉండేదన్నమాట. ఆరడుగుల పది అంగుళాల మనిషి అక్కడ మూడు సెకన్ల భయం లేకుండా ఎంతసేపైనా కాచుకుని ఉండొచ్చు.

మా సెంటర్ అమ్మాయిని పిలిచాను. ఐదడుగుల తొమ్మిది ఉంటుంది. ఎదురుగా నిలబడటానికి ఆమె కన్నా బరువైన కుర్రాణ్ని పెట్టాం, సాయానికి ఇంకొకణ్ని ఫ్రీ త్రో గీత దగ్గర ఉంచాం. ఒక్కో గీత మీద పది బంతులు.

ఆరడుగుల గీత మీద ఆమె బంతి అందుకోవడం, భుజం తిప్పడం, పలక మీద ఆనించడం, అంతా ఒక్క ఊపు. నేల మీద బంతి కొట్టాల్సిన పనే రాలేదు. పదిలో ఎనిమిది పడ్డాయి. సాయం వచ్చే కుర్రాడు రెండడుగులు కదిలేసరికే పని అయిపోయేది. పన్నెండు దగ్గర ఒకసారి బంతి కొట్టాల్సి వచ్చింది, ఆరు పడ్డాయి. పదహారు దగ్గర రెండుసార్లు కొట్టాలి, అప్పటికి రెండోవాడి చెయ్యి బంతి మీద ఉంటుంది. నాలుగు. పది బంతులతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. నేను చూసింది లెక్క కాదు, ఆమె అడుగులు. గీత జరిగేకొద్దీ సెంటర్ పని ఎలా మారిపోతుందో పాదాల్లో కనబడింది.

పదహారు మీద ఏడో బంతి అందుకుని ఆమె తిరగలేదు. బంతిని తల పైకి ఎత్తి పట్టుకుని, రెండోవాడు తన మీదకి రాగానే వాడు వదిలేసిన చోటుకి, రింగు కిందకి పరుగెత్తుతున్న తోటి అమ్మాయికి ఇచ్చేసింది. ఎందుకిచ్చావమ్మా అని అడిగాను.

"ఇక్కణ్ణుంచైతే అందరూ కనబడతన్నారు సార్. అక్కడ లోపల గోడే కనబడేది."

వారం రోజులుగా లాప్‌టాప్‌లో వెతుకుతున్నది ఆ ఒక్క మాటలో దొరికింది. గీతలు దూరం జరిగాయి. 1979-80లో మూడు పాయింట్ల గీత వచ్చింది, ఎదురు జట్టువాళ్లు బయటికి పరుచుకోక తప్పలేదు. 2001-02 నుంచి మనిషిని కాక చోటుని కాచే జోన్ డిఫెన్సుకి అనుమతి వచ్చింది, లోపల బంతి అందుకోవడమే కష్టమైంది. సెంటర్‌ని రింగు దగ్గర్నుంచి తోసుకుంటూ వచ్చారు. తోసిన కొద్దీ కొందరు తగ్గారు. యోకిచ్ అక్కడ నిలబడి చుట్టూ చూశాడు. అతని పది అసిస్టులకు పుట్టుక అక్కడుంది.

అలాగని సెంటర్ చేత పాస్ ఇప్పించడం యోకిచ్‌తో మొదలైందనుకుంటే పొరపాటు. 1967-68లో లీగు మొత్తంలో అందరికన్నా ఎక్కువ అసిస్టులు, 702, చాంబర్లేన్‌వే. 1977లో పోర్ట్‌లాండ్‌కి టైటిల్ తెచ్చిన బిల్ వాల్టన్ కూడా అలాంటి సెంటరే. మాస్టారు ఈ మాట ముందే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు.

కొత్త వరస ఒకటి కలిపాం: 'ఇతని వల్ల రూలు మారిందా?' మైకన్, చాంబర్లేన్ ఇద్దరికీ గీత. కరీమ్ కాలేజీ ప్రధాన జట్టుకి ఆడిన మొదటి ఏడాది అయ్యేసరికి, 1967లో అమెరికా కాలేజీ ఆటలో డంక్ కొట్టడమే, అంటే బంతిని చేత్తో నేరుగా రింగులోకి దించడమే నిషేధించారు. 1976 దాకా ఎత్తెయ్యలేదు. ఆయన తల మీదుగా ఒంటి చేత్తో వేసే స్కై హుక్‌ని ఆయుధం చేసుకున్నారు, 38,387 పాయింట్ల దాకా వెళ్లారు.

జూన్ 18, బుధవారం

పెద్ద పొరపాటు జరిగింది. రాసి పెట్టుకోవాలి.

ఎదుటివాడి షాటుని చేత్తో ఆపిన బ్లాకులతో డిఫెన్సు వరస పూర్తి చేసి మేనల్లుడు ఏడుగురినీ క్రమంలో పేర్చాడు. బిల్ రసెల్ అట్టడుగున వచ్చాడు. పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు గెలిచిన మనిషి! నేను ఫార్ములా వెతుకుతూ కూర్చున్నాను. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వంగి చూశారు. "ఒరే నాయనా, రసెల్‌కి బ్లాకులు సున్నానా?"

ఖాళీ గడి ఉంటే ఫార్ములా ఎర్రగా తప్పు చూపిస్తోందని వాడు ఖాళీలన్నిట్లోనూ సున్నాలు నింపేశాడు. ఎన్‌బీఏ బ్లాకులు రాయడం మొదలుపెట్టింది 1973-74 నుంచి. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. చాంబర్లేన్ చివరి సీజను 1972-73. కరీమ్ మొదటి నాలుగేళ్ల బ్లాకులు ఎక్కడా లేవు, ఆయన పేర ఉన్న 3,189 ఆ నాలుగేళ్లు పోగా మిగిలినవి. జాబితాలో మొదట ఉన్న ఒలాజువాన్ 3,830 బ్లాకులు గొప్పవే, ఆయనకు దక్కిన ఇంకో అదృష్టం ఏమిటంటే మొదటి ఆట నుంచీ ఎవరో ఒకరు రాశారు.

సున్నా వేస్తే, చూశాం ఏమీ చెయ్యలేదు అని చెప్పినట్టు. ఖాళీగా వదిలితే, ఎవరూ రాయలేదు అని చెప్పినట్టు. ఈ రెంటికీ మధ్య ఒక మనిషి జీవితకాలపు ఆట ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. రాత లేని సవర భాషని మనుషుల పక్కన కూర్చుని విని విని రాసుకున్న మనిషి తిరిగిన వీధుల్లో, రాయనిదాన్ని లేనిదిగా లెక్కకట్టాం కదా అని మనసు కలుక్కుమంది.

సున్నాలన్నీ తీసేసి గీత పెట్టాం. ర్యాంకు ఇచ్చే ఫార్ములా కూడా తీసేశాం.

మరి రసెల్‌ని దేనితో తూచాలి? తోటి ఆటగాళ్ల మాటతో. 1980 దాకా సీజను ఉత్తమ ఆటగాణ్ని, అంటే ఎంవీపీని, ఎన్నుకున్నది ఆటగాళ్లే. 1961-62లో వాళ్ల ముందు చాంబర్లేన్ 50.4 ఉంది. ఆస్కార్ రాబర్ట్‌సన్ 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులూ ఉన్నాయి. వాళ్లు ఓటు వేసింది రసెల్‌కి. అతని చేతికింద షాటు వెయ్యబోయి మానుకున్నవాళ్లు వేసిన ఓట్లవి. నాకు అంతకన్నా గట్టి సాక్ష్యం కనబడలేదు.

ఈ ఏడాది యోకిచ్‌కి కూడా అలాగే జరిగింది, ఎంవీపీ షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్‌కి వెళ్లింది. అప్పుడు 50 పాయింట్లకి రానిది, ఇప్పుడు మూడింట్లోనూ పది దాటిన ట్రిపుల్ డబుల్‌కి రాలేదు.

జూన్ 22, ఆదివారం

పాతపట్నం నుంచి అమ్మాయిల జట్టు వచ్చింది, స్నేహపూర్వకపు ఆట. పొలిమేర దాటితే వాళ్లది ఆంధ్ర, మాది ఒడిశా. వచ్చినవాళ్లలో సగం మంది మా వాళ్లకి చుట్టాలే.

మనం వాడే స్కోరు షీటులో పాయింట్లు, ఫౌళ్లు, టైమ్ అవుట్లు ఉంటాయి. రీబౌండ్‌కి చోటు లేదు, బ్లాక్‌కి చోటు లేదు. రసెల్‌కి లేని గడి మా అమ్మాయికి కూడా లేదన్నమాట, ఈ 2025లో! అందుకని ఒక నోటుబుక్కు పెట్టాం. నేను మా సెంటర్ మీదే కళ్లు పెట్టి చెప్తుంటే మేనల్లుడు పక్కన గీతలు గీశాడు.

స్కోరు షీటులో ఆమె పేరుకి ఎదురుగా నాలుగు పాయింట్లు, మూడు ఫౌళ్లు. నోటుబుక్కులో పదమూడు రీబౌండ్లు, మూడు బ్లాకులు, ఐదు అసిస్టులు. వాళ్లు ఏరియాలోకి బంతి తీసుకొచ్చింది ఇరవై రెండుసార్లు. తొమ్మిదిసార్లు షాటు వెయ్యకుండానే వెనక్కి తిప్పుకుపోయారు.

ఆ తొమ్మిదినీ రాయాలని నాకు ముందు తట్టలేదు. మొదటి సగం అయ్యాక ఆమే వచ్చి అడిగింది. "సార్, నేను చెయ్యి ఎత్తకపోయినా ఆళ్లు భయపడి బయటికి ఇచ్చేస్తన్నారు. అది ఎక్కడ రాస్తారు?" అప్పుడు పేజీకి అడ్డంగా ఇంకో గీత గీసి 'వెనక్కి తిప్పినవి' అని పేరు పెట్టాం. అంటే ఆ తొమ్మిదీ రెండో సగానివే. మొదటి సగానికి చిన్న గీత పెట్టి వదిలాం, సున్నా వెయ్యలేదు.

ఏడు పాయింట్ల తేడాతో గెలిచాం. ఆమె నాన్నగారు చివర్లో వచ్చి నోటుబుక్కు తీసుకుని నిలబడే చదివారు. ఏమీ అనలేదు. పేజీ ఫోటో తీసుకున్నారు.

జూన్ 28, శనివారం

నిన్న రథయాత్ర. పొద్దుట్నుంచీ వాన. గీతలు ఆరడుగులవీ పన్నెండువీ పూర్తిగా కొట్టుకుపోయాయి. పదహారుది అక్కడక్కడ మిగిలింది.

మైకన్ గడి మాత్రం నింపాను. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ జట్టు మైకన్ ఆడే లేకర్స్ మీద 19-18తో గెలిచింది. మైకన్‌ని ఆపలేమని బంతి చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆ 18లో 15 మైకన్‌వి. ఇలాంటి ఆటలే 1954లో 24 సెకన్ల గడియారం రావడానికి దారితీశాయి. ఈ ఆటకి వేగం సరిచేస్తే వచ్చే అంకె నమ్మదగ్గది కాదు. 18లో 15 అని ఉన్నదున్నట్టు రాశాం.

జూలై 6, ఆదివారం

చార్టు అయింది. సామాన్ల గది గోడకి అంటించాం. పేర్లు తెలుగులో నేను రాశాను, పక్కనే ఒడియాలో మా సెంటర్ రాసింది. బళ్లో చదువుకున్న ఆ భాష మాలో ఆమె చేతిరాతలోనే అందంగా ఉంటుంది.

నా తీర్పు కింద రాశాను. ఒక్క సీజను, బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట వరకు తీసుకుంటే ఈ ఏటి యోకిచ్, 1971-72 కరీమ్ సమానం. అసిస్టుల వల్ల ఒక వెంట్రుకవాసి యోకిచ్ పైన. కోర్టు దిగకుండా ఆడిన సీజను అడిగితే చాంబర్లేన్, ఆయన దగ్గరికి వచ్చేవాడు లేడు. జట్టుని గెలిపించిన లెక్క అడిగితే రసెల్. అతని బ్లాకుల గడిలో గీత ఉంది. మాస్టారు ఒప్పుకోలేదు. నిమిషాలు సరిచెయ్యని వరసనే మొదట పెట్టాలని అంటున్నారు. వచ్చే ఆదివారం ఆయన వరస కూడా వేరే కాగితం మీద రాసి పక్కన అంటిస్తాం.

నోటుబుక్కులో ఇప్పటికి మూడు ఆటలు చేరాయి. మళ్లీ ఎంపికలు వచ్చేసరికి పది చెయ్యాలి. మిగతా నలుగురికీ కూడా పేజీలు వేరు చేశాం, గీతలు గీసే పని వంతులవారీగా బెంచీ మీదున్నవాళ్లది.

సాయంత్రం తెల్ల పెయింటు డబ్బా తెచ్చాం. పాత నాలుగు పలకల గీత గీకేసి, ఇప్పటి కొలత ప్రకారం పదహారడుగుల గీతలు వేశాం. డబ్బాలో ఇంకా రంగు మిగిలింది. మూత పెట్టబోతుంటే మా సెంటర్ టేపు పట్టుకుని వచ్చి బోర్డు కింద నిలబడింది. "పన్నెండుది కూడా సన్నగా వెయ్యండి సార్, అక్కణ్ణుంచి కూడా ప్రాక్టీసు చేసుకుంటాను" అంది. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.